లక్ష్మిని కాలితో తొక్కిన పొద్దు

ఈ ఉదయం మా అపార్ట్‌మెంటు కింద ఎవరో కొత్త కారు చక్రాలతో నిమ్మకాయలు తొక్కించారు. ఆ పుల్లటి వాసన తగలగానే నా ముక్కు మరో వాసన కోసం వెతికింది. క్లచ్ ప్లేటు మాడిన వాసన. నా చిన్నతనంలో ఆ రెండూ విడివిడిగా వచ్చేవి కావు.

తొంభైల చివర్లో, నేను ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో, ఉద్దానంలోని మా ఊరి ఇసుక దారంతా రాలి పులిసిన జీడిమామిడి పళ్ల వాసనతో మత్తెక్కి ఉండేది. సముద్రపు గాలికి కొబ్బరి మట్టలు గలగలలాడుతుంటే, ముంజెల జిగురు చేతులు కూడా కడుక్కోకుండా పిల్లలమంతా మావ పాత అంబాసిడర్ వెంట పరుగెత్తేవాళ్లం. అమ్మ తమ్ముడైన ఆ మావ పలాసలో జీడిపప్పు వ్యాపారి. డ్రైవింగ్ వచ్చేసిందనుకునేవాడు. బండి లక్ష్మి కనుక రోజూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చెప్పులు విప్పి, పెడళ్లకు దణ్ణం పెట్టి, గట్టిగా తొక్కితే పాపమని క్లచ్‌ను బొటనవేలితో సగమే నొక్కేవాడు. గేరు గరగరమనేది, పొగ లేచేది, బండి ఎగిరిపడి ఆగిపోయేది. అంత భక్తికీ ఇంజను కరగలేదు.

తప్పు తన కాలిదని ఒప్పుకునేంత బుద్ధి ఆయనకు లేదు. నింద మోయడానికి మాత్రం ఒక మనిషి దొరికింది. ఎదురింటి దమయంతత్త. భర్త పోయిన మనిషి. పొద్దున్నే పలాస జీడి ఫ్యాక్టరీకి పోయే ఆటో కోసం ఆ దారినే నడిచేది. ఆమె ఎదురు రావడం వల్లే బండి ఆగుతోందని మావ తేల్చాడు, ఊరు తలాడించింది. ఇక బండి వెళ్లేదాకా అత్త గోడ వెనక నిలబడాలి. బండి కదలదు. ఆటో వెళ్లిపోతుంది. ఇంకోసారి ఆలస్యమైతే పనికి రావద్దన్నాడు మేస్త్రీ.

నాకూ నేర్పమని ప్రాణం తీస్తే, మావ ఒక పొద్దున నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. అప్పటికే ఆటో వెళ్లిపోయింది. అత్త ఇంకా గోడ వెనకే ఉంది. నేను క్లచ్‌ను అడుగుదాకా తొక్కాను.

“లచ్చిమిని అలా తన్నేత్తావేటే!” అని మావ లబలబలాడాడు.

“తొక్కకపోతే గేరెలాగ పడతాది మావా?”

గేరు చప్పుడు లేకుండా పడింది. కాలు మెల్లగా వదులుతుంటే బండి ఒక్క క్షణం వణికి, ముందుకు కదిలింది. గోడ పక్కన ఆపి తలుపు తీశాను.

“రా అత్తా, ముందరెక్కీ.”

“నానెక్కితే మీ మావ బండిని తగలెట్టీగల్డే!”

“ఇన్నాళ్లూ సేత్తన్నది అదే కదేటి!”

అత్త ఎక్కింది. ఆమె పక్కన కూర్చోలేక మావ దిగేశాడు. తన బండి తనను వదిలి పోతుందన్న భయంతో వెనక సీట్లోకి ఎగబాకాడు. శాస్త్రం కంటే సొత్తు గట్టిది. ఫ్యాక్టరీ గంట కొట్టేలోపే చేరాం. దిగుతూ అత్త వెనక్కి వంగి, “ఏటి తమ్ముడా, ఎక్కడా ఆగనేదు?” అంది.

ఆ రోజు నిమ్మకాయలు బాగా పనిచేశాయని సాయంత్రం మావ ఊరంతా చెప్పుకున్నాడు. మర్నాటి నుంచి అత్త గోడ వెనక నిలబడలేదు. దారి మధ్యలో, మావ బండి ముందే, తీరిగ్గా నడిచింది.

ఆ ఇసుక దారి ఇప్పుడు సిమెంటు రోడ్డు. జీడితోట తుఫానుకు కూలింది. అంబాసిడర్ తుక్కులోకి పోయింది, అత్త లేదు. కింద నిలిచిన ఈ కొత్త కారుకు క్లచ్ కూడా లేదు. ఎడమ కాలికి పని పోయింది, బుర్రకు ఎప్పుడూ లేదు. “కాస్త తప్పుకోమ్మా, ఎదురు రాకు,” అని దాని యజమాని మెట్లు తుడిచే ఆమెను కసురుతున్నాడు. ఆమె నుదుట బొట్టు లేదు. నా నుదుటా లేదు. కిందికి దిగి ఆమె చెయ్యి పట్టుకుని, ఆ కారు ముందు నుంచి, అత్త నడిచినంత తీరిగ్గా నడిచాను.