పెనాంగు రేవులో ఒక్క అడుగు

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులు. నంద్యాలలో బట్టల అంగడి వాళ్ల ఇంటికి కోడలినై ఏడాది తిరక్కముందే, సింగపూరులో బంధువుల అంగడి చూసుకోవడానికి మా ఆయనకు పిలుపొచ్చింది. నన్నూ తీసుకుపోతాడని తెలిసి ఆళ్లగడ్డలో మా పుట్టింటివాళ్లు మురిసిపోయారు. నేనైతే అత్త కంటి ముందు నుంచి తప్పించుకుంటున్నానని మురిశాను.

ఆళ్లగడ్డలో నేను కోలాటం పిల్లని. అహోబిలం స్వామి పల్లకి ఊరూరా తిరుగుతూ మా ఊళ్లో ఆగినప్పుడల్లా ముందు వరసలో నా కోలలే మోగేవి. నంద్యాలకు వచ్చాక ఒకసారి పెరట్లో ఒక్కదాన్నే నాలుగు అడుగులు వేస్తుంటే అత్త చూసి, "అంగడోళ్ల కోడలు ఎగురుతాదా? సిగ్గు ల్యా?" అంది. అంతటితో కోలలు పాతచీరలో చుట్టుకుని పెట్టె అడుగుకు చేరాయి. మద్రాసు రేవులో సోదా చేసేటప్పుడు మా ఆయన వాటిని చూసి, "ఏందీ కట్టెలు? ఆడ కుక్కల్ని తోలేకా?" అన్నాడు. నేను వాటిని మళ్లీ చీరలో చుట్టి పెట్టె అడుగుకు తోశాను.

ఓడలో మాది పైతట్టు, గది లేదు, చాపల బతుకు. పెట్టే మా గోడ. ఆయన ఎటు పోయినా ఒకటే మాట, "పెట్టె ఇడిసి యాడికీ పోవద్దు." ఇంట్లో నాకు అత్త కాపలా, ఇక్కడ పెట్టెకు నేను కాపలా. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. సింగపూరులో మాకిచ్చేది అంగడి మీది ఒక్క గది అనీ, కిందికి రావాలంటే అంగడిలోంచే రావాలనీ ఆయన చెప్పినప్పుడు నాకు తేలిపోయింది. ఆడితే దారిలోనే ఆడాలి, చేరాక ఇక లేదు.

ఏడో రోజు పొద్దున పెనాంగు రేవులో ఓడ ఆగింది. "ఈన్నే కూర్చో, బేగా వస్తా" అని ఆయన ఊరు చూడడానికి దిగిపోయాడు. కాసేపటికి కింద గోదాముల పక్క నుంచి తప్పెట మోత వినపడింది. కమ్మీ పట్టుకుని తొంగి చూశాను. మలయా వాళ్ల గుంపు. ఒకతను ఫిడేలు వాయిస్తున్నాడు. పూల లుంగీలు కట్టిన ఆడవాళ్లు మగవాళ్లకు ఎదురుగా ఆడుతున్నారు. దగ్గరికొస్తారు, తాకకుండానే వెనక్కి పోతారు. మా అత్త వయసున్న ఒకామె, చంకలోని పిల్లవాణ్ణి పక్కామె చేతిలో పెట్టి మరీ ఆటలోకి దూకింది. ఆమెను ఎవరూ సిగ్గు లేదా అని అడగలేదు. దరువు మెల్లగా మొదలై మా కోలాటంలాగే ఉడుకెక్కుతోంది. ఆవిడ తలెత్తి నన్ను చూసి చేత్తో రమ్మంది.

నాగపట్నంలో ఎక్కిన తమిళ అవ్వ ఒకామె మా పక్క చాప మీద ఉండేది. నేను కోలలు బయటికి తీసి పెట్టెకు తాళం వేయగానే, తనే వచ్చి దాని మీద కూర్చుని "పో, పో" అంది. నిలువు మెట్లు పట్టుకుని దిగాను. ఒక కాలు నేల మీద పెట్టాను.

అప్పుడే పెద్దగా కూత వినపడింది.

నాకు తెలిసిన కూత నంద్యాల స్టేషనులో రైలు కూతే. కూసిందంటే కదిలిందన్నమాట. పడుతూ లేస్తూ వెనక్కి ఎక్కేశాను. పెట్టెను రెండు చేతులా పట్టుకున్నాక గానీ, మొగుడు ఊళ్లోనే ఉన్నాడన్న సంగతి తట్టలేదు. ఓడ మాత్రం కదల్లేదు. కూసింది పక్కనున్న వేరే ఓడ అని అవ్వ వేలు పెట్టి చూపించింది.

మళ్లీ దిగి ఉండొచ్చు. అవ్వ పొమ్మంటూనే ఉంది. కింద వాళ్లు మధ్యాహ్నం దాకా ఆడారు, ఓడ సాయంత్రం దాకా అక్కడే ఉంది. నా కాళ్లే రాలేదు. నన్నెవరూ పట్టుకోలేదు, కట్టేయలేదు. ఇన్నేళ్లయినా ఆ కోపం అత్త మీద కాదు, ఆయన మీదా కాదు, నా మీదే.

పొద్దు వాలేటప్పుడు ఆయన బిస్కెట్ల పొట్లంతో వచ్చాడు.

"యాడికన్నా దిగినావా?"

"ల్యా."

"మంచి పని చేసినావ్."

ఏడాది కాపురంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. కొంగు కింద కోలలు గట్టిగా పట్టుకుని, ఆయన ఇచ్చిన బిస్కెట్టు తిన్నాను.