మెడికల్ బోర్డు ముందు గూండా

గోదావరిఖనిలో మత్తయి అంటే ఎవరికీ తెలియదు, గూండా మత్తన్న అంటే అందరికీ తెలుసు. ఇరవై ఐదేళ్ల కింద షూటింగ్ కోసం వచ్చిన సినిమావాళ్లు ఈ బొగ్గుబాయి కార్మికుడి ఆరడుగుల ఒడ్డూ పొడుగూ చూసి విలన్ వెనకాల నిలబెట్టారు. అప్పటినుంచి లీవు దొరికితే చాలు, హైదరాబాద్ వెళ్లి హీరోల చేత తన్నులు తినొచ్చేవాడు. నలభై సినిమాలు చేస్తే ఒక్కదాంట్లోనూ పేరు పడలేదు. అయినా చౌరస్తాలో ఎవరైనా ఫోటో అడిగితే మురిసి ముక్కలైపోయేవాడు.

యాభై ఏడేళ్లు వచ్చేసరికి ఊపిరితిత్తులు మొరాయించాయి. నాలుగడుగులేస్తే ఆయాసం. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఆ కొలువు కూతురు గ్లోరియాకు వస్తుంది. ఇంకొన్నాళ్లు పోతే రిటైర్మెంట్ దగ్గరపడి ఆ దారీ మూసుకుపోతుంది. డిగ్రీ చదివి బట్టల షాపులో పొద్దంతా నిలబడే ఆ పిల్లకు ఇదే ఆఖరి ఆశ.

"బాపూ, దగ్గొస్తే ఆపుకోకు. ఉన్నదున్నట్టు చెప్పు," అంది గ్లోరియా, దవాఖాన గేటు దగ్గర.

లోపల మత్తయి చొక్కా విప్పగానే అటెండరు ఎగిరి గంతేశాడు. "సార్, గూండా మత్తన్న! ఒంటి చేత్తోని మనిషిని లేపుతడు!"

డాక్టర్లు తలెత్తి చూశారు. "నిజమేనా?" అని నవ్వాడు పెద్దాయన.

ఆ చూపు చాలు, మత్తయి ఛాతీ దానంతటదే ఉబ్బింది. పాడు బుద్ధి! అటెండరు నడుం పట్టుకుని అమాంతం పైకెత్తాడు. దగ్గు గొంతుదాకా వస్తే పళ్లు బిగబట్టి మింగేశాడు.

"మెట్లెక్కితే ఆయాసమొస్తుందా?"

"నాకా? ఏం ఫికర్ లేదు సార్!"

బయటికొచ్చి గోడ పట్టుకుని కళ్లనీళ్లు కారేదాకా దగ్గాడు. వారానికి కాగితం వచ్చింది: ఫిట్.

గ్లోరియా అరవలేదు. "నలభై సినిమాలల్ల కింద పడ్డవు గద బాపూ. నా కోసం ఒక్కసారి పడకపోతివి," అని టిఫిన్ డబ్బా తీసుకుని షాపుకు పోయింది. మత్తయికి చచ్చిపోవాలనిపించింది.

మర్నాడు ఫస్టు షిఫ్టు. బాయిలో దిగుతూ సగం దారిలో కూలబడ్డాడు. ఊపిరి అందక చెయ్యి చాచాడు. వెనకాల వస్తున్న తోటి కార్మికుడు ప్రశాంత్ పగలబడి నవ్వాడు.

"ఏం యాక్టింగ్ జేస్తున్నవే మత్తన్నా! లే, జల్ది నడువ్."