మావయ్య బొటనవేలు

లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా మావయ్య ఏ పనినీ కళ్లతో చూసి ఒప్పుకునేవాడు కాదు. కళ్లు మూసుకుని, బొటనవేలితో తడిమి చెప్పేవాడు.

అత్తయ్య పోయాక ఆయన చేతులకు వణుకు వచ్చింది. ఆమె సమాధి మీద పెట్టే సిలువకు పేరు తానే చెక్కాలని పట్టు. ఉలి నిలవక, పాత ప్రింటర్ల మోటార్లు తెచ్చి, కంప్యూటరు చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ యంత్రాన్ని వరండాలో కట్టాడు. కంప్యూటరు పని నాది.

ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ప్లైవుడ్ ముక్క మీద ఒక గీత చెక్కించేవాళ్లం. ఆయన తడిమేవాడు.

"ఇంకా ఒణుకుతంది రా. నీకు తెలీట్లేదేటి? మళ్లీ బిగించు."

గీత ఎప్పుడో తిన్నగా వచ్చేసింది. వణికేది ఆయన వేలు. ఆ మాట అనే ధైర్యం లేక, బిగిసే ఉన్న బోల్టులను ఏడాదిపాటు బిగించాను. అత్తయ్య కోసం తెచ్చిన టేకు సిలువ ఖాళీగా గోడకు ఆనుకునే ఉండిపోయింది.

మావయ్యను అత్తయ్య పక్కనే భూస్థాపన చేసి వచ్చిన మర్నాడు, ఆ సిలువ మీద ఇద్దరి పేర్లూ చెక్కించాను. పొట్టు ఊది, కళ్లు మూసుకుని, బొటనవేలితో తడిమాను.

వేలి కింద గీత వణికింది.