పక్క చేయి విప్పిన కుట్టు

ఆ రోజు మేనేజర్ నన్ను అడిగింది ఒకే ప్రశ్న. "ఆ లైన్ లీడర్ తన కింది అమ్మాయిల్ని అందరి ముందూ అవమానిస్తోందట, నిజమేనా?" నిజం కాదని నాకు తెలుసు. ఎందుకు కాదో ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. "చూడాలి సార్" అన్నాను. ఏళ్ల తరబడి లైన్ నడిపిన మనిషిని లేపి, అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఆ రెండు మాటలు సరిపోయాయి.

వేలూరు నుంచి ఆర్కాడు పోయే దారిలో ఉంది మా బూట్ల ఫ్యాక్టరీ. అక్కడ నాది శిక్షణ విభాగం. గోడలకు నీతివాక్యాలు అంటించడం, మీటింగులకు టీ చెప్పడం, కార్మికుల్లో ఉత్సాహం పెరిగిందని రిపోర్టు రాయడం నా పని. ఉత్సాహాన్ని ఎలా కొలిచావని ఎవరూ అడగలేదు. అడిగితే నా ఉద్యోగం ఆనాడే పోయేది.

తోలు కుట్టే లైన్లలో సగం మంది గుడియాత్తం నుంచి కంపెనీ బస్సులో వచ్చే తెలుగు ఆడవాళ్లు. మగ్గం కూడు పెట్టక మిషన్ ఎక్కినవాళ్లు. ఆ లైన్ లీడర్ కూడా వాళ్లలో ఒకామె. నేనూ ఆ ఊరివాణ్నే, నేత ఇంట్లో పుట్టినవాణ్నే. ఆఫీసులో మాత్రం ఆ సంగతి దాచుకుని తమిళం, ఇంగ్లిషు మాట్లాడేవాణ్ని. మిషన్ల మధ్య ఎవరూ వినకపోతే ఆమెను "అక్కా" అని తెలుగులో పలకరించేవాణ్ని. నా ధైర్యం అంతవరకే.

ఆమె లైన్‌లో ఒక పద్ధతి ఉండేది. కుట్టు తప్పితే, కుట్టిన అమ్మాయి దాన్ని విప్పకూడదు. పక్క మిషన్ అమ్మాయి విప్పాలి. తప్పు చేసినామె చేతులు ఒళ్లో పెట్టుకుని చూడాలి. తర్వాత ఇద్దరూ కలిసి, తోలులో మిగిలిన ఆ సూది బొక్కల్లోంచే మళ్లీ కుట్టాలి. గుడియాత్తంలో మా ఇంటి మగ్గం దగ్గరా ఇదే పద్ధతి. నేను తప్పు నేస్తే మా అత్త విప్పేది, అత్త తప్పితే నేను విప్పేవాణ్ని. ఎవరి తప్పు వాళ్ల చేతికి దొరికితే దాచేస్తారని పెద్దవాళ్ల మాట. అందులో అవమానం లేదు. రేపు నీ తప్పు నా చేతికి వస్తుంది, అంతే.

అప్పుడు చెన్నై నుంచి టీం కోచ్ వచ్చాడు. మనుషుల్ని కలిపి పని చేయించడం నేర్పే నిపుణుడట. ఆయన జన్మలో సూదిలో దారం ఎక్కించి ఉండడు. మొదటి గంటలో అందర్నీ వలయంగా నిలబెట్టి, "మీరు ఏ జంతువు?" అని అడిగాడు.

"గుడియాత్తం నుంచి బస్సులో నిలబడి వచ్చినాము సార్. ఏ జంతువో మీరే చూసి చెప్పండి" అంది ఒకామె తమిళంలో. హాలంతా నవ్వింది. కోచ్ కూడా నవ్వి, ఏదో రాసుకున్నాడు.

తర్వాత సంచిలోంచి నూలుండ తీశాడు. ఒకరు పక్కవారిని మెచ్చుకుని ఉండ విసరాలి, అందుకున్నవారు పోగు పట్టుకుని ఇంకొకరికి విసరాలి. కాసేపటికి ఆ వలయం మధ్య గూడు కట్టినట్టు చిక్కు పడింది. "చూడండి, ఇదే టీం!" అని చప్పట్లు కొట్టాడు. ముందు తరాలన్నీ నూలు చిక్కు తీస్తూ గడిపిన ఇళ్ల ఆడవాళ్ల ముందు!

లైన్ లీడర్ నా వైపు తిరిగి తెలుగులో అంది. "ఏంది నాయనా ఇది? నూలును చిక్కు చేసి టీం అంటాడే ఈయప్ప! చిక్కు తీసి తీసి మాయమ్మకు కండ్లు పోయినాయి."

"ఏమంటోంది?" అన్నాడు కోచ్.

"బాగుందంటోంది సార్" అన్నాను.

ఆమె ఇక ఆటలో నిలబడలేదు. నేల మీద కూర్చుని కొస వెతికి, ఆ నూలంతా చిక్కు తీసి ఉండ చుట్టింది. ఆయన ఆమెకు సహకార గుణం లేదని రాశాడు. మరునాడు లైన్‌కు వచ్చి, ఒకమ్మాయి తప్పును ఇంకొకమ్మాయి విప్పడం చూసి, అవమానపరిచే నాయకత్వం అని రాశాడు. మేనేజర్ నన్ను పిలిచి అడిగింది ఆ కాగితం చేతిలో పెట్టుకునే. ఆ పద్ధతి గురించి చెప్పాలంటే, నేను మగ్గం గుంటలో కూర్చున్నవాణ్నని చెప్పాలి. చెప్పలేదు. నెల తిరక్కుండానే నాకూ కోచ్ సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించుకున్నాను. సిగ్గులేనితనానికి అంతకన్నా మంచి ఫ్రేము ఉండదు.

కొత్త లీడర్ కింద ఆ లైన్ రోజూ పొద్దున చప్పట్లు కొట్టింది. ఎవరి తప్పు కుట్లు వాళ్లు లోపలికి మడిచి దాచేశారు. సరుకు పెట్టెలకు పెట్టెలే తిరిగొచ్చింది. ఆమె అట్టపెట్టెల బల్ల దగ్గర కొన్నాళ్లు చూసి, పని మానేసి, గుడియాత్తంలో మళ్లీ మగ్గం ఎక్కింది.

ఆమె ఇంటి గడప తొక్కడానికి నాకు ఆరేళ్లు పట్టింది. లుంగీ నేస్తోంది. నన్ను చూసి కూడా పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపలేదు.

"అక్కా, ఆ రోజు నేను చెప్పాల్సింది చెప్పలేదు. తప్పయింది" అన్నాను.

"యాడ చెప్పలేదు?"

"మేనేజర్ దగ్గర."

"మరి ఈడ చెప్తావేంది? ఆడబిడ్డల్ని అవమానించిందనే పేరు ఆడనే ఉండాది. నా కోడలు అదే బస్సులో పోతాది, అదే మాట వింటాది." అప్పుడు నాడె ఆపింది. "నీ కుట్టు నువ్వే విప్పుకునేదానికి వచ్చినావు నాయనా. గుట్టుగా, నా కాడ. అది మనింట్లో పద్ధతా?"

తల వంచుకుని వచ్చేశాను.

మరుసటి నెల లైన్ లీడర్లకు నేను కోచింగ్ ఇవ్వాల్సిన రోజున, ఆమెను హాలుకు పిలిచాను. కంపెనీ బస్సులో వచ్చింది. కోడలు సీటు పట్టి ఉంచిందట. ముందు వరసలో మేనేజర్, వెనక నేను పిలిపించిన ఆ పాత లైన్ ఆడవాళ్లు. నేను ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని, కోచ్ వచ్చినప్పుడు ఏం జరిగిందో మేనేజర్‌కు మీరే చెప్పండని ఆ ఆడవాళ్లతో అన్నాను. నూలుండ గురించి ఒకామె చెప్పింది. నేను "బాగుందంటోంది" అన్న మాట తన చెవులతో విన్నానని ఇంకొకామె చెప్పింది. "ఈయన మనోడే, నేత ఇంటోడే, పక్కోళ్లు విప్పే పద్ధతంతా తెల్సు ఈయనకు" అంది వెనక నుంచి ఇంకో గొంతు. మేనేజర్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

వాళ్లు విప్పడం అయ్యాక లేచాను. ఆ భవనంలో మొదటిసారి అందరికీ వినబడేలా తెలుగులో మాట్లాడాను.

"అక్కా, నువ్వు ఎవరినీ అవమానించలేదు. అది నాకు ఆ రోజే తెలుసు. నా పుట్టుక దాచుకునేదానికి నీ పేరు పాడు చేసినాను. నన్ను మన్నించు."