పెద్దాయన పుట్టినరోజు క్యాంపు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను రాజమండ్రిలో ఒక బ్లడ్ బ్యాంకుకి మెడికల్ ఆఫీసరుగా వేశారు. రిటైర్మెంటుకి ముందు నా చివరి పోస్టింగు అది. వేసవిలో కాలేజీలకి సెలవులు కాబట్టి దాతలు దొరకరు, ఫ్రిజ్‌లు ఖాళీగా ఉంటాయి. అందుకని పెళ్ళిళ్ళకీ చర్చి వార్షికోత్సవాలకీ వెళ్ళి, పెద్దమనుషుల్ని బతిమాలి క్యాంపులు పెట్టించడం కూడా మా డ్యూటీలో కలిసిపోయింది.

రైసు మిల్లుల యజమాని ఒకాయన్ని అలాగే కలిశాను, రావులపాలెంలో ఒక పెళ్ళిలో. మండపేట చుట్టుపక్కల పెద్దాయనంటే తెలియనివాళ్ళు లేరు. భోజనాల దగ్గర స్వయంగా నిలబడి, "డాక్టరమ్మ గారూ, పూతరేకు వేయించుకోలేదేంటండి" అంటూ కొసరి కొసరి వడ్డింపజేశారు. మనిషి నాకు నచ్చారు, కాదనను. తన పుట్టినరోజుకి వంద మందితో రక్తం ఇప్పిస్తానని అక్కడే మాటిచ్చారు. మా సూపరింటెండెంటు గారు ఎగిరి గంతేశారు.

క్యాంపు ఫంక్షన్ హాల్లో పెట్టారు. స్టేజీ మీద దండలు, కేకు, ముందు వరసలో విలేకర్లు. లైన్లో ఉన్నవాళ్ళు మాత్రం అంతా ఆయన మిల్లు కూలీలే.

మా పద్ధతి ఏమిటంటే, వేలి మీద పొడిచి ఒక్క చుక్క రక్తాన్ని నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వదులుతాం. మునిగితే హిమోగ్లోబిన్ చాలినంత ఉన్నట్టు, తేలితే లేనట్టు. మిల్లు కళ్ళంలో ధాన్యం ఆరబోసే సత్యవతి అనే ఆవిడ చుక్క తేలింది. ఇంటికి వెళ్ళమన్నాను. ఆవిడ కదల్లేదు.

"తీసేసుకోండమ్మగారూ. ఇవ్వనోళ్ళని రేపట్నుంచి పన్లోకి రావద్దన్నారండి మేనేజరు గారు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా స్టాఫ్‌ని ఆగమని చెప్పి, పెద్దాయనకి కబురు చేశాను. నవ్వుతూ వచ్చారు. మేనేజరు బెదిరింపు సంగతి అడిగితే, కూలీలు వాళ్ళంతట వాళ్ళే వచ్చారన్నారు. అలాగైతే ముందు మీ వేలివ్వండి అన్నాను. విలేకర్ల ముందు కాదనలేక ఇచ్చారు. చుక్క నిలువునా మునిగింది. మంచం చూపించాను. బీపీ ఉందేమోనని అనుమానమన్నారు. అక్కడే చూశాను, బాగానే ఉంది. కేకు కటింగుకి టైమైపోతోందన్నారు.

"మీకు వెళ్ళిపోయే వీలుందండి. వాళ్ళకీ ఉందని మైకులో చెప్పండి. చెప్పేదాకా ఒక్క రక్తం సంచి కూడా తెరవను," అన్నాను.

హాలంతా మా వైపే చూస్తోంది. ఆయన మైకు తీసుకుని, ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చని, ఎవరి పనికీ ఢోకా లేదని చెప్పారు. లైన్లో సగానికి పైగా వెళ్ళిపోయారు. అందరికంటే ముందు సత్యవతే వెళ్ళింది, వెనక్కి చూడకుండా.

మర్నాడు సూపరింటెండెంటు గారు, ఎండాకాలంలో దొరక్క దొరక్క దొరికిన దాతల్ని తరిమేశారా అని కేకలేసి మెమో ఇచ్చారు. ఒంట్లో రక్తం లేనివాళ్ళ దగ్గర తీయడం నాకు రాదని జవాబు రాశాను. ఆ నెల కష్టంగానే గడిచింది. పాత దాతలకి ఒక్కొక్కరికీ నేనే ఫోన్లు చేసుకున్నాను.

మళ్ళీ పెద్దాయన అన్నవరంలో, ఎవరిదో వ్రతం భోజనాల్లో కనిపించారు. "నా పరువు తీసిన డాక్టరమ్మ గారు" అని నవ్వుతూ పక్కవాళ్ళకి పరిచయం చేశారు. నేను నవ్వలేదు. "సత్యవతి పన్లోనే ఉందాండి?" అని అడిగాను.

"ఉందండి. మైకులో చెప్పాను కదా," అని మొహం ముడుచుకున్నారు.

రక్తం తీసే ముందు దాత ఇష్టం కనుక్కోవాలని మా రూల్సులో ఉంది. యజమాని వినేచోట అడిగితే అది అడిగినట్టు కాదని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ క్యాంపులోనైనా యజమానుల్ని హాలు బయట కూర్చోబెట్టాకే మొదటి సంచి తెరిచాను. పెద్దవాళ్ళకి ఇచ్చే మర్యాద ఇదేనా అన్నారు చాలామంది. వాళ్ళని బయటే కూర్చోమన్నాను.