బాగున్నానని చెప్పి తిరగబెట్టుకున్న జబ్బు

ఆ రోజు మా మడిలో నాట్లు పడుతున్నాయి. గట్టు మీద నిలబడి నారు కట్టలు అందించడం నా పని. అంతకుముందు ఏడాది చేతికొక కట్ట చొప్పున విసిరినదాన్ని, ఆ పూట ఒక్క కట్ట ఎత్తేసరికి కళ్ళు తిరిగి గట్టు మీదే కూలబడ్డాను. నెల రోజులుగా దగ్గు ఉంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రవికలన్నీ వదులయ్యాయి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఎవరితోనూ అనలేదు. ఎందుకనలేదో చెప్పాలంటే ముందు మా క్యాంపు సంగతి చెప్పాలి.

మాది కృష్ణా జిల్లా. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో అక్కడున్న కాస్త పొలం అమ్ముకుని, బళ్ళారి జిల్లా ఎమ్మిగనూరు దగ్గర నల్లరేగడి కొనుక్కుని వచ్చిన కుటుంబాలలో మాదొకటి. మేము ఇళ్ళు వేసుకున్న చోటును అందరూ క్యాంపు అనేవారు. బయల్దేరేటప్పుడు మా బంధువులు "చిప్ప చేత్తో పట్టుకుని తిరిగొస్తారు, చూస్తూ ఉండండి" అన్నారు. ఆ మాట మా అందరికీ గుచ్చుకుంది. అందుకని క్యాంపులో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఎవరు పెట్టారో తెలియదు. ఊరికి రాసే ఉత్తరంలో కష్టం రాయకూడదు. ఎవరు పలకరించినా బాగున్నామనే చెప్పాలి. తేలు కుట్టి కాలు వాచినవాడు కూడా "బ్రహ్మాండంగా ఉన్నాం" అనేవాడు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, చెడ్డమాట అంటే అదే జరుగుతుందనీ మా అత్తయ్య రోజుకు పదిసార్లు గుర్తుచేసేది.

ఈ కట్టుబాటుకు మావారిని మించిన భక్తుడు లేడు. ఈ నేలలో వరి పండదు, ఉప్పు తేలుతుందని చుట్టుపక్కల రైతులు అంటే నవ్వేసేవారు. "ముందు అనుకోవడం చేతకావాలే నాగరత్నం! అనుకుంటే అదే అవుద్ది" అనేవారు నాతో. మూడో ఏట నిజంగానే పండింది. గడ్డివాము ముందు నిలబడి "చూశావా?" అన్నారు. చూశాను. నమ్మేశాను కూడా.

అలాంటి ఇంట్లో "నాకు ఒంట్లో బాగాలేదు" అని ఏ నోటితో అంటాను? కంప్లిలో ఒకాయన దగ్గర సీసా మందు తెచ్చుకుని రెండు వారాలు తాగాను. ఒక ఉదయం దగ్గితే తువ్వాలు మీద ఎర్రటి చార కనపడింది. మావారు అది చూసి చొక్కా తొడుక్కున్నారు. ఆ రోజే బస్సెక్కి బళ్ళారి వెళ్ళాం.

అక్కడి డాక్టరు కన్నడం ఆయన. మా తెలుగు ఆయనకీ, ఆయన కన్నడం మాకూ సగం సగం తెలుసు. ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పట్టి చూపించాడు. "ఇది షాడో. ఇది కేవిటీ, ఊపిరితిత్తిలో రంధ్రం. టి.బి. అమ్మా. భయపడొద్దు, ఇప్పుడు మందు ఉంది. కానీ ఒకటిన్నర సంవత్సరం తీసుకోవాలి. తగ్గినట్టు ఉంటుంది, అప్పుడు కూడా నిలిపివేయొద్దు."

"అంతేగా! అయిపోద్ది" అన్నారు మావారు.

డాక్టరు మా పాప వైపు చూశాడు. పద్మకి అప్పుడు మూడేళ్ళు, నా ఒళ్ళోనే ఉంది. "స్పూటమ్ నెగెటివ్ అయ్యేదాకా, అంటే కఫంలో క్రిములు పోయేదాకా, పాపని దగ్గర పడుకోబెట్టుకోవద్దు" అన్నాడు. ఆయన చెప్పినవాటిలో నా చెవికెక్కింది ఆ ఒక్కటే. షాడోలూ కేవిటీలూ నాకెందుకు? నా బిడ్డ నా పక్కలోకి ఎప్పుడొస్తుందన్నదే నాకు కావలసింది.

మూడు నెలలు వార్డులో ఉన్నాను. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను. దాంతో పాటు ఐ.ఎన్.హెచ్. మాత్రలు, పాస్ అనే మందు. ఈ పాస్ ఉందే, అది మింగినవాళ్ళకే తెలుస్తుంది. నోరంతా చేదు, కడుపులో తిప్పుడు, తిన్న అన్నం బయటికి రావడం. నా పక్క మంచం హనుమక్కది. యశ్వంతనగర్ గనుల్లో రాళ్ళు ఏరే మనిషి. తెల్లారితే చాలు మొదలుపెట్టేది.

"నేను బతికేది లేదులేమ్మా. ఈ పొద్దో రేపో పోతా ఉండా."

అలా అంటూనే పాస్ గొంతులో వేసుకుని, మొహం చిట్లించి, గుటుక్కున మింగేది. నాకు ఒళ్ళు మండిపోయేది. పొద్దున్నే ఈ అపశకునమేమిటని మావారితో చెప్పి నా మంచం అవతలి గోడ వైపు వేయించుకున్నాను. హనుమక్క పెద్దగా నవ్వింది. "ఏందమ్మా, నా మాటకే నీ రోగం ముదురుతాదా? బాగుండాదే నీ యవ్వారం!"

మావారు వచ్చినప్పుడల్లా ఒక పాఠం చెప్పేవారు. "పొద్దున లేవగానే 'నాకు తగ్గిపోయింది' అని గట్టిగా అనుకో." అనుకున్నాను. దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, బరువు పెరిగాను. ఇదంతా నా తలంపు బలమే అనుకున్నాను. కూర్చోవడానికి వీల్లేకుండా పొడిచిన ఇంజెక్షన్ల సంగతి ఎంత తేలిగ్గా మర్చిపోయానో!

ఇంటికి వచ్చాక పాసూ మాత్రలూ మిగిలాయి. పద్మ మా అత్తయ్య దగ్గర, పక్క ఇంట్లో పడుకునేది. పాస్ తాగిన ప్రతిసారీ వాంతి. ఒకరోజు మావారు నా అవస్థ చూడలేక అన్నారు, "రోజూ మందు మింగడమంటే, రోగం ఉందని రోజూ మనమే ఒప్పుకున్నట్టు కాదూ?" మానెయ్యమని ఆయన అనలేదు. నేనే మానేశాను. ముందు సాయంత్రం మోతాదు, తర్వాత పొద్దునదీ పంటబోదెలో పారబోశాను. మాత్రలు కూడా గుర్తొచ్చినప్పుడే. నెలనెలా బళ్ళారి వెళ్ళినప్పుడు డాక్టరు "హేగిద్దీరమ్మా?" అని అడిగేవాడు. "చెన్నాగిద్దీని సార్" అనేదాన్ని. బాగున్నానని చెప్పడం, నేను తప్పు లేకుండా నేర్చుకున్న మొదటి కన్నడ మాట అదే.

ఒకసారి చిన్న మూత డబ్బా ఇచ్చి డాక్టరు చెప్పాడు, "రేపు లేవగానే లోపలి నుంచి దగ్గి కఫం తియ్యాలి. పై ఎంగిలి వద్దు." ఆ రాత్రి కౌల్ బజార్‌లో తెలిసినవాళ్ళింట్లో పడుకున్నాం. అత్తయ్యనూ పద్మనూ కూడా తీసుకెళ్ళాం. తెల్లవారి నేను డబ్బా పట్టుకుని దొడ్లోకి వెళ్తుంటే, అత్తయ్య కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడి పద్మ అడిగింది, "అమ్మా, ఇవాళ్టి నుంచి నీ దగ్గర పడుకోనా?"

లోపలి నుంచి దగ్గితే ఏం వస్తుందో నాకు తెలుసు. అందుకే దగ్గలేదు. నోరు పుక్కిలించి, మూడుసార్లు ఎంగిలి ఊసి మూత బిగించాను. అబద్ధం ఆడుతున్నానని నాకప్పుడు అనిపించలేదండీ, నిజం చెబుతున్నాను. మంచి జరగాలని కోరుకుంటున్నాననే అనిపించింది.

స్పూటమ్ నెగెటివ్ వచ్చింది. డాక్టరు సంతోషించాడు. "గుడ్. వచ్చే నెల ఎక్స్‌రే తీద్దాం. అది చూసి పాప సంగతి చెప్తాను" అన్నాడు. వచ్చే నెల మాకు కోతలు. వెళ్ళలేదు. పద్మ మాత్రం ఆ రాత్రే నా పక్కలోకి వచ్చేసింది. కాలు నా మీద వేసి పడుకునేది. మావారు క్యాంపంతా తిరిగి, నమ్మకంతో టి.బి.ని జయించామని చెప్పుకొచ్చారు. ఆ నాలుగు నెలలు నేనెంత సుఖంగా ఉన్నానో! ఆ సంగతి దాస్తే ఇప్పుడు మళ్ళీ అబద్ధమాడినట్టే అవుతుంది.

తర్వాత ఒక ఉదయం పాలు పితుకుతుంటే దగ్గు తెర వచ్చింది. ఈసారి చార కాదు, దోసిలి నిండింది.

బళ్ళారి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే ఎవరో భుజం తట్టారు. హనుమక్క! నేను గుర్తుపట్టలేదు. బుగ్గలు వచ్చాయి, చేతులు నిండాయి. చివరి పరీక్షకు వచ్చిందట.

"మళ్ళా యాలొచ్చినావమ్మా?"

పరీక్షలో నెగెటివ్ వచ్చాక మళ్ళీ నెత్తురు పడిందని చెప్పాను. తను నా పక్కనే చతికిలబడింది. "నేనైతే సస్తా ఉండా సస్తా ఉండా అనుకుంటానే అన్నీ మింగినా. ఒక్క పూట ఇడ్సలేదు. సావు రాలే, కండ వచ్చింది సూడు!" అంటూ రెక్క చూపించింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పు. ఆ డబ్బీలో కఫమేసినావా, ఎంగిలేసినావా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరి పక్క నుంచి మంచం మార్పించుకున్నానో ఆ మనిషే నా వీపు నిమురుతూ కూర్చుంది. "ఊరుకోమ్మా, ఊరుకో. పోయి ఆయప్పకు ఉన్నదున్నట్టు చెప్పు. కొట్టడులే."

లోపల డాక్టరు "రిలాప్స్. మళ్ళీ తిరగబెట్టింది" అన్నాడు. మందులు సరిగ్గా వాడారా అని అడిగాడు. "వాడిందండీ, అంతా బాగానే..." అని మావారు మొదలుపెట్టారు. "లేదు సార్" అన్నాను నేను. పాస్ పారబోసింది, ఎంగిలి ఊసింది, అన్నీ చెప్పాను. మావారు నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నారు. డాక్టరు తిట్టలేదు. కలం పక్కన పెట్టి ఒక్కటే అడిగాడు.

"పాప ఎక్కడ పడుకుంటోంది?"

మా వెంటే వచ్చిన పద్మ మెడ పక్కన ఇరవై రోజులుగా వాపు ఉంది. "అమ్మా, ఇక్కడ నొప్పి" అని అది చెబుతూనే ఉంది. గవదబిళ్ళలని పసుపు పట్టు వేసి, "ఏం లేదమ్మా, తగ్గిపోతుంది" అంటూ వచ్చాను. డాక్టరు వేళ్ళతో దాని మెడంతా తడిమి చూశాడు. "గ్లాండ్స్. టెస్టు చేస్తాను. కానీ ఇదీ అదే అనుకుంటాను. దీనికీ మందు ఉంది అమ్మా. ఈసారి ఇద్దరూ పూర్తిగా వాడాలి." మావారు బయటికి వెళ్ళి బల్ల మీద కూర్చుని తుండు నోట్లో కుక్కుకున్నారు. "నేనే కదే, నేనే ఆ మాట అంది" అన్నారు. దారి పొడుగునా తిట్టాలనుకుని వచ్చినదాన్ని, వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చున్నాను.

టెస్టులో డాక్టరు అనుకున్నదే తేలింది. ఆ తర్వాతి ఏడాదిన్నర గురించి పెద్దగా చెప్పను. సూది కనపడితే పద్మ పెట్టిన కేకలు వార్డు చివరిదాకా వినపడేవి. మెడ గడ్డ పగిలి నెలల తరబడి కారింది. దాన్ని నా దగ్గరికి రానివ్వకపోతే అది తలుపు అవతల కూర్చుని ఏడ్చేది, నేను ఇవతల. మావారు రెండు పూటలా నా ఎదురుగా కూర్చుని, నేను పాస్ మింగి మజ్జిగ తాగేదాకా కదిలేవారు కాదు. ఎలా ఉన్నావని అడగడం మానేశారు. "రాత్రి ఎన్నిసార్లు దగ్గావు? అన్నం ఎంత తిన్నావు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నలకు బాగున్నానని చెప్పి తప్పించుకోవడం కుదరదు. స్పూటమ్ మూడుసార్లు నెగెటివ్ వచ్చింది. మూడుసార్లూ కడుపు నొప్పి పుట్టేలా దగ్గి ఇచ్చినదే. ఎక్స్‌రేలో కేవిటీ మూసుకుంది. పద్మ గడ్డలు కరిగిపోయాయి.

మంచిగా అనుకుంటే మంచి జరుగుతుందా అని క్యాంపులో ఇప్పటికీ నన్ను అడుగుతారు. మా పొలమే చూడండి. మావారి నమ్మకంతో పండిందని అందరూ అంటారు. ఆ వేసవి రెండు నెలలు ఎండలో నిలబడి ఉప్పునీరు బయటికి పోవడానికి ఆయన తవ్విన కాలువ గురించి ఎవరూ అనరు. ఆయన కూడా మర్చిపోయారు. అలాగని నమ్మకం దండగ అనను. వాంతి చేసుకుని మళ్ళీ గ్లాసు అందుకున్న రోజుల్లో, పద్మ నా పక్కలోకి వస్తుందన్న ఆశే నా చేత మింగించింది. హనుమక్కకు ఆ ఆశా లేదు, తనూ మింగింది, తనకీ తగ్గింది. నాకు తెలిసింది ఇంతే.

ఇప్పుడు పద్మకి పదేళ్ళు. బడికి పోతుంది. నేను మళ్ళీ నారు కట్టలు విసురుతున్నాను, చేతికొకటి. మొన్న జడ వేస్తుంటే మెడ మీది మచ్చ తడుముకుని, ఇది ఎలా వచ్చిందని అడిగింది. అద్దంలో దాని మొహం చూస్తూ మొత్తం చెప్పాను. "నాకు నొప్పి పుడితే నేను నీకు చెప్పాను కదమ్మా. నీకు నొప్పి పుడితే నువ్వెందుకు చెప్పలేదు?" అంది. జడ అల్లడం ఆపి దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

అందుకే చదివేవారికి ఒక్క మాట. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. మీతో ఒకే ఇంట్లో ఉంటూ మీ దగ్గు వినేవాళ్ళని, మీ మాటకు అడ్డం చెప్పగలవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. నేను పోయిన నెల ఏటా చేయించుకునే పరీక్షకు పద్మను తీసుకెళ్ళాను. డాక్టరు ఎలా ఉన్నావని అడగ్గానే పాత అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. "మొన్న వానలో తడిసి రెండు రోజులు దగ్గింది సార్" అని అది నాకంటే ముందే చెప్పేసింది.