నేను వదలని పట్ట కొస

మొన్న మా కోడలు ఫోన్‌లో అండమాన్ యాత్ర ప్రకటనేదో చూపించి, మీరు వెళ్ళొచ్చారట కదా మావయ్యగారూ, ఎలా ఉంటుందని ముచ్చటగా అడిగింది. బాగుంటుందమ్మా అన్నాను. ఈ మధ్యకాలంలో అంత పెద్ద అబద్ధం ఆడలేదు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిరప రైతుకు సెలవులంటూ ఉండవు. అయినా ఆ ఏడు కాయ త్వరగా అమ్ముడుపోవడంతో, సత్తెనపల్లి దగ్గర ఒకే కల్లంలో అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా కలిసి కాయ ఆరబోసుకుంటున్న మా అన్నయ్య, నేను, మా ఆడవాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని వేసవిలో ఆ దీవులకు బయల్దేరాం. పట్టుబట్టింది వదిన. ఎండలో ఒంగి రంగు పోయిన తాలుకాయలు ఏరీ ఏరీ ప్రాణం విసిగిందని, నాలుగు రోజులు ఎరుపు కనపడని చోట ఉండాలని ఆవిడ కోరిక.

ఒక దీవి నుంచి ఇంకో దీవికి చిన్న మరపడవలో పోతున్నాం. ఎండ తగలకుండా పైన నాలుగు గుంజలకు టార్పాలిన్ పట్ట కట్టారు. సగం దూరం పోయామో లేదో, చూస్తుండగానే మబ్బు కమ్మి, గాలి లేచి, అలలు పడవను ఎత్తి కుదేయడం మొదలుపెట్టాయి. పడవ నడిపే సరంగు ఒకవైపు తాళ్ళు ఊడదీసి, రెండోవైపువి తీసెయ్యమని మాకు చేతులతో సైగ చేశాడు. ఆడవాళ్ళకు కూడా అర్థమైంది. నాకూ అర్థమైంది, ఆ మాట ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను.

కానీ గాలివానలో పట్ట వదలడమా! కల్లంలో వాన పడితే పట్ట కొస మీద ఎవడు కదలకుండా కూర్చుంటాడో వాడే పంట కాపాడినవాడు. ఆ పని మా ఊళ్ళో నా అంత మొండిగా చేసేవాడు లేడని నాకు మహా గర్వం. ఎగురుతున్న కొసలు రెండూ గుంజి, కాళ్ళ కింద తొక్కిపట్టి, వాటి మీద కూర్చున్నాను.

"ఒరేయ్, వదిలెయ్‌రా! ఆయన తీసెయ్యమంటన్నాడు!" అని అన్నయ్య గొంతు చించుకుని అరిచాడు.

నేను వదల్లేదు. గాలి పట్ట కిందకి దూరి పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. బల్ల మీద కూర్చున్న వదిన జారి, ఇంజను పెట్టె మీద పడింది. సరంగు మిగిలిన తాళ్ళు కత్తితో తెగ్గోస్తేగానీ పడవ నిలబడలేదు. ఒడ్డు చేరేదాకా ఆవిడ మూలుగుతూనే ఉంది. తుంటి ఎముక విరిగింది.

అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే బాగుండేది. ఆసుపత్రి వరండాలో, అందరి ముందూ, నేను పట్టుకోకపోతే అందరం తడిసి ముద్దయ్యేవాళ్ళం అన్నాను. ఎందుకన్నానో తెలియదు. సిగ్గుతో అన్నాను, అంతే. అన్నయ్య నా వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

వదిన మళ్ళీ కల్లంలో కింద కూర్చోలేకపోయింది. మరుసటి ఏడు అన్నయ్య కల్లం వేరు చేసుకున్నాడు. పోట్లాడలేదు, తిట్టలేదు, తిట్టినా బాగుండేది. కర్ర పట్టుకుని నడుస్తూ వదిన మాత్రం, పోనీలే అబ్బాయ్, నువ్వేమన్నా కావాలని చేశావా అనేది. ఆ మంచితనం నన్ను ఇంకా కాల్చేది.

కోడలు అడిగిన సాయంత్రమే అన్నయ్య ఇంటికి వెళ్ళాను. తప్పు నాదే, నువ్వు చెప్పింది విని కూడా వదల్లేదు, తడుస్తామని కాదు, నా పంతం కోసం అని, ఇన్నేళ్ళుగా నోట్లో నానిన మాట చెప్పేశాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"అలాగేనండి. కాఫీ తాగి వెళ్ళండి," అన్నాడు.

ఊళ్ళో ఇప్పుడు అందరూ నన్ను గారు అనే పిలుస్తారు. వయసొచ్చింది, మర్యాద పెరిగింది. ఒరేయ్ అనేవాడు ఈ భూమ్మీద నాకు ఒక్కడే మిగిలాడు, ఆయన అనడు.